సిస్టరమ్మ వార్డులో చెట్టు

మొన్న మా ఆఫీసు రిసెప్షన్‌లో ఉన్న ఫైకస్ చెట్టు ఆకులు రాల్చడం మొదలుపెట్టింది. పొద్దున తుడిచిన నేల మీద మధ్యాహ్నానికల్లా మళ్ళీ ఆకులు. చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక మాట అంటున్నారు. నీళ్ళు చాల్లేదని ఒకరు, ఎక్కువయ్యాయని ఇంకొకరు, ఏసీ గాలి పడలేదని మరొకరు. ఏదో మందు ఆన్‌లైన్‌లో దొరుకుతుందని ఒకమ్మాయి అప్పటికే ఫోన్ తీసింది. అటుగా వెళ్తున్న నేను ఆగి, ఏమీ ఆలోచించకుండానే అడిగేశాను.

"ఎప్పటిసంది రాలుతున్నయ్? దానికి ముందుగాల ఏమైంది?"

అందరూ నావైపు తిరిగారు. నేనూ కాస్త ఉలిక్కిపడ్డాను. ఆ ప్రశ్న నాది కాదు. అడిగిన తీరు, ఆ గొంతులో ఉన్న దబాయింపు కూడా నావి కావు. అవి సిస్టరమ్మవి.

సిస్టరమ్మ పోయి చాలాకాలమైంది. ఆమెకు పేరుండేది కాని, మొయినాబాద్‌లో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. ఉద్యోగమంతా ఆ చుట్టుపక్కల ఊళ్ళ సర్కారు దవాఖానల్లో నర్సుగా చేసి, చేవెళ్ల వైపు కొంతకాలం, చివరికి మొయినాబాద్ వైపు వచ్చి, నేను ఆమె ఇంట్లో కిరాయికి దిగేనాటికి కొత్తగా రిటైరై ఉంది. బస్టాండు వెనక సందులో వాళ్ళ ఇల్లు. పక్క గది నాది. మధ్యలో ఒకే వరండా. మొదట్లో నేను అక్కడి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పని చేసేదాన్ని. తర్వాత హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. పొద్దున్నే మెహదీపట్నం బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారి, సాయంత్రం అదే దారిన వెనక్కి రావాలి. అందరూ గది మార్చుకోమన్నారు. నేను మార్చలేదు. దానికి కారణం కిరాయి కాదు, సిస్టరమ్మే.

పొట్టి మనిషి. చేతి గడియారం ముఖాన్ని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేది. ఎవరైనా ఎదురుపడితే బాగున్నవా అని అడిగేది కాదు. బొటనవేలితో కింది కనురెప్పను లాగి చూసి, "రక్తం తక్కువున్నది, పాలకూర తిను," అని దారిన పోయేది. సూది పొడిచేటప్పుడు మనిషిని మాటల్లో పెట్టడం ఆమె విద్య. "మీ మేనమామ పేరేంది బిడ్డా?" అని అడిగేది. మనం మేనమామను గుర్తు చేసుకునేలోపల పనైపోయేది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమందికి ఆమె చేతి సూది పడిందో ఆమెకే తెలియదు కాని, ఎవరు ఏడ్చారో, ఎవరు పారిపోయారో మాత్రం అంతా గుర్తు.

అవి భూముల ధరలు పిచ్చెక్కినట్టు పెరుగుతున్న రోజులు. బీజాపూర్ రోడ్డు పొడుగునా ఫామ్‌హౌసులు, వెంచర్ల బోర్డులు. ఒకరోజు తెల్లబట్టలు, మెడలో లావుపాటి గొలుసు ఉన్న ప్లాట్ల బ్రోకరు మా గుమ్మం ముందు పెద్ద కారు ఆపి, ఇల్లు అమ్ముతారా అని దర్జాగా అడిగాడు. సిస్టరమ్మ అతన్ని తేరిపార చూసింది.

"నువ్వు చిన్న మంగళారం ఊరి పిలగానివి కదా? తట్టు సూది ఇయ్యవోతే నా చెయ్యి కొరికినవ్. గదే పన్ను ఇంక గట్లనే వంకర ఉన్నది."

అతను నల్లద్దాలు తీసి చేతులు కట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంటి ఊసెత్తలేదు. చాయ్ తాగి, రెప్పలు చూపించుకుని వెళ్ళాడు.

ఆమె భర్త ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను బాపు అని పిలిచేదాన్ని. జీవితమంతా బస్సులో అరిచినందుకేమో, ఇంట్లో చాలా తక్కువ మాట్లాడేవాడు. ఆయనే ఒకసారి నాతో మెల్లగా అన్నాడు.

"రిటైరైనంక కూడ పొద్దుగాల్నే లేచి తయారైతది. తయారై గీ కుర్చీల కూసుంటది. నాకు సూడబుద్ధి గాదు."

నిజమే. నేను బస్సుకు పోతుంటే ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వరండాలో కూర్చుని ఉండేది. సాయంత్రం పక్క కిరాణా షాపు సావుకారమ్మ వచ్చి బీపీ చూపించుకుని, ఊరి కబుర్లు చెప్పి పోయేది. ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు నలుగురు వెంట వచ్చేవారు. మిగతా రోజులన్నీ ఖాళీ.

అట్లాంటప్పుడు నేను చెట్టును తెచ్చాను.

మా కంపెనీ పెద్ద బిల్డింగుకు మారుతోంది. పాత అంతస్తులో ఉన్న మొక్కలను ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపొమ్మన్నారు. నా సీటు పక్కన భుజమెత్తు ఫైకస్ ఒకటి ఉండేది. సన్నని కొమ్మలు, నున్నటి చిన్న ఆకులు, తళతళలాడే తెల్లటి పింగాణీ కుండీ. వదిలేసి రావడానికి మనసొప్పలేదు. ఆరోజు మొయినాబాద్ దాకా వచ్చే క్యాబ్ ఒకటి దొరికింది. చెట్టును వెనక సీటులో పడుకోబెట్టాం. తల కిటికీలోంచి బయటికి వచ్చింది. దారంతా ఆ గాలికి ఆకులు అల్లల్లాడాయి.

కొన్నాళ్ళు నా గదిలో పెట్టాను. చీకటిగా ఉందని వరండాలోకి మార్చాను. ఎండ ఎక్కువైందని మళ్ళీ లోపలికి తెచ్చాను. ఆకులు రాలడం మొదలైంది. పచ్చగా, ఏ మచ్చా లేని ఆకులు, ముట్టుకుంటే చాలు రాలిపోయేవి. ఊడ్చిన ఆకులు చేటలో వేసుకుని పారేయబోతుంటే సిస్టరమ్మ చూసింది.

"ఏందది? ఇటు తే."

చేటలోంచి ఒక ఆకు తీసుకుని వెనకా ముందూ చూసింది. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూసింది. తర్వాత నా గదిలోకి వచ్చి, చెట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. నన్ను ఎదురుగా నిలబెట్టింది.

"ఎప్పటిసంది రాలుతున్నయ్?"

"పది దినాలాయె సిస్టరమ్మా. ఏం మందు కొట్టాల్నో..."

"మందు సంగతి తర్వాత. దానికి ముందుగాల ఏమైంది, గది చెప్పు. ఏడ ఉండె? ఏం తినె? ఎట్ల తెచ్చినవ్?"

అన్నీ చెప్పాను. ఆఫీసులో రోజంతా ఒకేలా ఉండే ఏసీ, ట్యూబులైట్ల వెలుగు, వారానికోసారి నీళ్ళు పోసే మనిషి. తర్వాత క్యాబులో గాలి, గదిలో చీకటి, వరండాలో ఎండ. నేను చెప్తుంటే ఆమె ఆకుల కింద వేలితో రాసి జిగురేమైనా ఉందా అని చూసింది. కొమ్మల సందుల్లో బూజు ఉందా అని, కాడలకు పొలుసుపురుగు అంటుకుని ఉందా అని చూసింది. ఏమీ లేవు. లేచి చేతులు దులుపుకుంది.

"పురుగు లేదు, బూజు లేదు. ఆకు మీద పసుపు లేదు. ఇది రోగం కాదు బిడ్డా. దాని పడక నువ్వు ఊకూకె మారుస్తున్నవ్. భయపడ్డది. ఒక్క తాన కుదురుగ ఉంచితే అదే ఆగుతది. ఫికర్ జెయ్యకు."

ఆ మాట అక్షరాలా నిజం. తర్వాత నేను ఎక్కడ చదివినా, ఎవరినడిగినా అదే చెప్పారు. ఇంట్లో పెంచే ఫైకస్ చోటు మారితే చాలు, ఆకులు దులిపేస్తుంది. అక్కడితో ఆగిపోయి ఉంటే కథ అయిపోయేది. కాని సిస్టరమ్మ ఆగలేదు. వాళ్ళ హాల్లో తూర్పు కిటికీ పక్కన మంచి వెలుగుందని చెట్టును అక్కడికి మార్పించింది. ఇక ఇదే ఆఖరు మార్పు అంది. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చి హాల్లోకి తొంగిచూస్తే, కిటికీ ఊచకు సెలైన్ బాటిల్ వేలాడుతోంది. ట్యూబు చివర కుండీలో మట్టిలోకి దిగి ఉంది. చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

"గిదేంది సిస్టరమ్మా?"

"ఉత్త నీళ్ళే. ఒక్కపారి చెంబెడు పోస్తే పేషెంటు తట్టుకోడు. గిట్లయితే నిమ్మళంగ ఎక్కుతది."

ఊరంతా ఆ వింత చూడటానికి వచ్చింది. సావుకారమ్మ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "దిష్టి తగిలుంటది, నిమ్మకాయ కట్టు," అంది. "నా వార్డుల నిమ్మకాయలు నడువయ్," అంది సిస్టరమ్మ. వచ్చినవాళ్ళు పనిలో పనిగా తమ నొప్పులు కూడా చెప్పుకునేవారు. వరండాలో మళ్ళీ చెప్పులు కనబడసాగాయి. సిస్టరమ్మ పొద్దున చీర కట్టుకుని కుర్చీలో కూర్చోవడం మానేసింది. ఆమెకు పనుంది. బాటిల్ నింపాలి, చుక్కల వేగం చూడాలి, ఆకులు తడిబట్టతో తుడవాలి. బాపు నన్ను పక్కకు పిలిచి, "మంచి పని జేసినవ్ బిడ్డా," అన్నాడు.

మొదట ఆకులు రాలడం తగ్గింది. తర్వాత మళ్ళీ మొదలైంది. ఈసారి పచ్చటివి కాదు. కిందనుంచి ఒక్కొక్క ఆకే పసుపు పచ్చగా మారి, మెత్తబడి రాలుతోంది. సిస్టరమ్మ నుదురు చిట్లించింది. నీరసం తగ్గలేదని చుక్కల వేగం పెంచింది. ఇంకో రెండు రోజులకు ఇంకా పెంచింది. చెట్టు పైభాగం కూడా పలచబడిపోయింది. ఆమె ఎవరితోనూ దాని గురించి మాట్లాడటం లేదు.

ఒకరోజు పొద్దున బాపు పేపరు చదువుతూ ముక్కు ఎగబీల్చి, "గీడ మురుగు మోరి వాసన వస్తున్నది," అన్నాడు.

"నా ఇంట్ల మోరి వాసనా?" అని ఆమె కసురుకుంది. కసురుకుంటూనే లేచి చెట్టు దగ్గరకు వెళ్ళింది. వంగి వాసన చూసింది. నన్ను పిలిచింది. ఇద్దరం కలిసి చెట్టును పట్టి పైకి లాగాం. అప్పుడు తెలిసింది, ఆ అందమైన పింగాణీ కుండీ లోపల ఇంకో ప్లాస్టిక్ కుండీ ఉందని, పింగాణీదానికి అడుగున బెజ్జమే లేదని. పోసిన నీళ్ళన్నీ అక్కడే నిలబడి నల్లగా మురిగిపోయాయి. ప్లాస్టిక్ కుండీ అడుగునుంచి బయటికి వచ్చిన వేళ్ళు బురదలో నానిన తాళ్ళలా ఉన్నాయి. ఒకటి పట్టుకుంటే తొక్క ఊడి చేతికి వచ్చింది.

సిస్టరమ్మ నేల మీద కూలబడింది. తర్వాత సెలైన్ ట్యూబు ఊడదీసి చుట్టచుట్టింది.

"పేషెంటుకు ఒంటికి బంద్ అయింది, ఎక్కిన నీళ్ళు బయటికి పోతలేవు. నేను చూడకుంట సెలైన్ మీద సెలైన్ ఎక్కిచ్చిన. ట్రైనింగుకొచ్చిన పొల్లగాళ్ళు గూడ ముందుగాల గదే అడుగుతరు."

నాకు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చినవాళ్ళు, సావుకారమ్మ అందరూ వరండాలో ఉన్నారు. చాయ్‌లు నడుస్తున్నాయి. సావుకారమ్మ మామూలుగా అడిగింది, "చెట్టు ఎట్లున్నదమ్మా?"

ఇంకెవరైనా అయితే పరవాలేదు అని తప్పించుకునేవాళ్ళు. సిస్టరమ్మ కప్పు కింద పెట్టింది.

"నేనే ఖరాబ్ జేసిన. రోగం సక్కగనే చెప్పిన, మందే తప్పు ఇచ్చిన. అసలు మందే అక్కెర లేకుండె. ఊకె కూసోబుద్ధిగాక ఇచ్చిన. వేర్లు మురిగినయ్."

సావుకారమ్మ సర్దిచెప్పబోయింది. "అయ్యో, చెట్టే కదమ్మా! మనిషా ఏమన్ననా?"

"గదే అంటున్న. నోరులేని చెట్టుకే తప్పు మందిచ్చిన. రేపు నీకేమిస్తనో!"

లేచి బీపీ మిషన్ లోపల బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ రోజు ఎవరి బీపీ చూడలేదు. మర్నాడు కూడా చూడలేదు. సావుకారమ్మ కళ్ళు తిరుగుతున్నాయని వస్తే, కనురెప్ప కూడా ముట్టుకోకుండా, "పెద్ద దవాఖానకు పో," అని పంపేసింది. సావుకారమ్మ నా దగ్గరకు వచ్చి వాపోయింది.

"గామె గట్లుంటే మాకేం మంచిగనిపిస్తది? నువ్వన్న చెప్పు."

ఆ సాయంత్రం బాపు చేవెళ్ల రోడ్డు మీద నర్సరీ నుంచి మట్టికుండీ ఒకటి ఆటోలో వేసుకుని వచ్చాడు. అడుగున బెజ్జం ఉన్నది. వెంట ఎర్రమట్టి, ఇసుక, ఎండాకుల ఎరువు. అన్నీ స్లాబు మీదికి మోసి, కిందికి వచ్చి భార్య ముందు నిలబడ్డాడు.

"ఆపరేషన్ జెయ్యాలంట. డాక్టరు లేడు. సిస్టర్ ఉంటే రమ్మంటున్నరు."

సిస్టరమ్మ ఆయనను కోపంగా చూసింది. ఆ చూపు కాసేపటికి కరిగింది. లేచి వంటింట్లోకి వెళ్ళి కత్తెరను నీళ్ళలో మరగబెట్టడానికి పొయ్యి ముట్టించింది.

స్లాబు మీద పాత దుప్పటి పరిచి చెట్టును పడుకోబెట్టాం. సిస్టరమ్మ వేళ్ళ మట్టి దులిపింది. నల్లగా మెత్తబడిన వేళ్ళను ఒక్కొక్కటే కత్తిరించింది. లేత రంగులో గట్టిగా ఉన్నవాటిని వేలితో నిమిరి వదిలిపెట్టింది. "గిది మంచిగున్నది. గిది పోయింది. గిది ఉంటది." పైన కూడా కొమ్మలు కొంత తగ్గించింది. కోసినచోట తెల్లటి పాలు కారాయి. చివరికి ఒక కొమ్మ మీద గోటితో చిన్నగా గీరి చూసింది. బెరడు కింద లేత ఆకుపచ్చ.

"పానం ఉన్నది," అంది. కళ్ళద్దాలు పైకి తోసి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఏం, బీపీ చూడనా అని బాపు అడిగితే ఆయన వీపు మీద మట్టిచేత్తోనే ఒక్కటేసింది.

అసలు కష్టం ఆ తర్వాతిది. చెట్టు మళ్ళీ తూర్పు కిటికీ పక్కకు వచ్చింది. నాలుగు ఆకులున్న పుల్లల కట్టలా ఉంది. దానికి చేయాల్సింది ఏమీ లేదు. మట్టిలో వేలు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్ళు పోయాలి. మిగతా రోజుల్లో ముట్టుకోకూడదు, తిప్పకూడదు, ఎరువు వేయకూడదు. సిస్టరమ్మ ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ చేతులు ఊరికే ఉండేవి కావు. కాసేపటికి లేచి, "ఈడ ఉంటే నా చెయ్యి ఆగది," అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళేది. అట్లా సాయంత్రం నడక అలవాటైంది. వెంట సావుకారమ్మ కూడా బయలుదేరింది. ఇద్దరూ చిన్న మంగళారం దారి దాకా పోయి, వెంచర్ల బోర్డుల మీది బొమ్మలు చూసి, ఎవరి పొలం ఎవరు కొన్నారో చెప్పుకుంటూ వచ్చేవాళ్ళు.

ఎన్నాళ్ళు గడిచాయో గుర్తు లేదు. ఒకరోజు పొద్దున సిస్టరమ్మ నా తలుపు తట్టింది. నోట్లో బ్రష్షు, భుజాన టవలు. మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కెళ్ళింది. కొమ్మ చివర సూదిమొనలాంటి మొగ్గ. దాని పక్కన ఇంకొకటి, అప్పుడే విచ్చుకుంటూ, మడత విప్పని ఆకు.

"చూడు. ముట్టకు," అంది బ్రష్షు తీసి.

బాపు కూడా వచ్చి నిలబడ్డాడు. ముగ్గురం ఆ చిన్న ఆకును చూస్తూ ఉండిపోయాం. నా బస్సు పోయింది.

ఆ తర్వాత సిస్టరమ్మ బీరువా తాళం తీసింది. కాని ఒక మార్పు వచ్చింది. సావుకారమ్మ మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయని వస్తే ఎప్పటిలాగే అన్నీ అడిగింది, బీపీ చూసింది, రెప్ప లాగింది. కాసేపు ఆలోచించి, "నాకు సమజ్ గాలే. డాక్టరుకు చూపెట్టాలె. నేనొస్త పా," అంది.

సావుకారమ్మ నోరెళ్ళబెట్టింది. "నీ నోట గీ మాట ఎన్నడన్న విన్ననా!"

"కొత్తగ నేర్సుకున్న," అంది సిస్టరమ్మ. ఆ రోజు ఇద్దరూ కలిసి శంకర్‌పల్లిలో ఎవరో మంచి డాక్టరున్నాడని బస్సులో వెళ్ళి, మందులతో పాటు సంచినిండా కూరగాయలు కూడా తెచ్చుకున్నారు.

మరుసటి సంవత్సరం ఆఫీసు దగ్గరే ఒక ఫ్లాటులో, మాతో పనిచేసే ఇద్దరమ్మాయిలతో కలిసి ఉండటానికి కుదిరింది. రాత్రి షిఫ్టులు పడుతున్నాయి, ఇక వెళ్ళక తప్పదు. సామాను వ్యానులో ఎక్కించాం. చివరగా చెట్టును తీసుకుందామని హాల్లోకి వెళ్ళాను. అప్పటికి అది నా ఎత్తు దాటి, కిటికీ నిండా ఆకులతో కళకళలాడుతోంది. సిస్టరమ్మ దానికి అడ్డంగా నిలబడింది.

"చెట్టు రాదు."

"నాదే కద సిస్టరమ్మా?"

"నీదే. ఎవరు కాదన్నరు? పేషెంటు నీ మనిషే. కని డిశ్చార్జ్ నేను రాయాలె కద. మల్ల క్యాబుల పండుకోబెట్టి, గాలికి తీస్కపోయి, చీకటి గదిల పెడ్తవ్. నేను రాయ."

బాపు వైపు చూశాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"మరి నాకు చూడాలనిపిస్తే?"

ఆమె మణికట్టు తిప్పి గడియారం చూసుకుంది, ఇప్పుడే నిర్ణయిస్తున్నట్టు.

"ఆదివారం రా. నాల్గింటి నుంచి ఆరింటి దాక చూడనిస్త."

వ్యాను కదిలాక నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆ ఆదివారమే వెళ్ళాను. కొత్త ఫ్లాటులో వారమంతా సరిగ్గా నిద్రపట్టలేదు. మధ్యాహ్నం అన్నం తినీ తినక బయలుదేరి, మెహదీపట్నంలో బస్సు వెంటనే దొరకడంతో చాలా ముందే చేరుకున్నాను. గేటు తీసుకుని హాలు వైపు నడుస్తుంటే సిస్టరమ్మ గుమ్మంలోనే ఆపింది.

"టైం గాలే. కూసో."

నిజంగానే అంటోందని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. చెప్పులు విప్పి వరండా మెట్ల మీద కూర్చున్నాను. ఆమె లోపలికి వెళ్ళి రెండు కప్పుల చాయ్ తెచ్చింది. ఒకటి నాకిచ్చి, రెండోది పట్టుకుని తనూ నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఇగ చెప్పు," అంది, "ఈ వారమంత ఏమైంది?"